అంగడి పెట్టడం బడి నేర్పగలదా?

వృత్తి విద్య చదివే పిల్లలకు చేతిపనితో పాటు సొంతంగా వ్యాపారం పెట్టుకునే తెలివి కూడా నేర్పాలన్నది మన దేశంలో పాత మాటే. ఐటీఐలకు పునాది అయిన క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం 1950లో మొదలైనప్పుడు, ఫ్యాక్టరీలకు పని తెలిసిన మనుషులను తయారు చేయడమే దాని ఉద్దేశం. ప్లస్ టూ వృత్తి విద్యకు 1988లో కేంద్రం పథకం తెచ్చినప్పుడు జనరల్ ఫౌండేషన్ కోర్సులో వ్యవస్థాపకతకు చోటు దొరికింది. ఐటీఐల్లో ఇప్పుడది ఎంప్లాయబిలిటీ స్కిల్స్ అనే సబ్జెక్టులో ఒక భాగం. 2014లో ఢిల్లీలో కొత్తగా పెట్టిన మంత్రిత్వ శాఖ పేరులోనే నైపుణ్యమూ వ్యవస్థాపకతా పక్కపక్కన చేరాయి. పుస్తకంలో చోటు గురించి ఇప్పుడు తగవు లేదు. తగవల్లా ఆ పాఠం ఎప్పుడు చెప్పాలి, ఎవరు చెప్పాలి, దేనితో చెప్పాలి అన్న దగ్గరే.

ఈ తగవును ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని కురబలకోట మండలంలో నిలబెట్టి చూస్తే సులువుగా అర్థమవుతుంది. వందల మందికి నెల జీతాలిచ్చే కర్మాగారాల ప్రాంతం కాదిది. బోరుబావుల కింద టమాటా, పట్టుపురుగుల పెంపకం, పాడి ఆవులు ఇక్కడి బతుకుతెరువు. పొరుగున మదనపల్లెలో దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి ఉంది. అదే ఊళ్లో నీరుగట్టువారిపల్లె పట్టు మగ్గాల పేట. మండలంలోని అంగళ్లులో 1998లో ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది, తెట్టు వైపు రిషి వ్యాలీ బడి ఉంది. అంగళ్లు అంటేనే ఇక్కడి మాటలో దుకాణాలు. కొట్టు అనరు, షాపు కూడా తక్కువే, అంగడి అంటారు. అంగడి పెట్టుకోవడం ఈ సీమకు కొత్త విద్య కాదు. పది చదివి ఐటీఐలో చేరిన పిల్లవాడికి ఆ విద్య తరగతి గదిలో వస్తుందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

దీనికి ఈ ప్రాంతంలో రెండు జవాబులు వినిపిస్తాయి. ఒకటి ఎలక్ట్రీషియన్ ట్రేడులో ఏళ్ల తరబడి పని నేర్పిన వర్క్‌షాప్ శిక్షకుడిది. రెండోది బ్యాంకు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో, అంటే ఆర్‌సెటీలో, పాఠం చెప్పే అధ్యాపకురాలిది. ఇద్దరూ ఆ పిల్లల మేలు కోరేవాళ్లే, వాదన మాత్రం ఎదురెదురు.

శిక్షకుడు: ముందు పని రానీండి మేడమ్. రెండేళ్ల కోర్సులో త్రీఫేజ్ మోటారు వైండింగు చేతికి రావడానికే టైము చాలదు. కాయిల్ కొలత తప్పితే మోటారు వారంలో మళ్లీ కాలిపోతుంది. పని సరిగ్గా రాని పిల్లోడికి వ్యవస్థాపకుని లక్షణాలు పది రాయమంటే రాస్తాడు, మార్కులూ తెచ్చుకుంటాడు. రైతు ఎదురుగా నిలబడి నా మోటారు ఎందుకు కాలింది అని అడిగితే ఆ పది లక్షణాల్లో ఒక్కటీ పనికి రాదు.

అధ్యాపకురాలు: ఆ పది లక్షణాల పాఠాన్ని నేనూ వెనకేసుకు రాను సార్. నేను అడిగేది వేరే. మీ దగ్గర పని నేర్చుకుని బయటికి పోయిన పిల్లోడికి కురబలకోటలో జీతమిచ్చి పెట్టుకునే కంపెనీ ఏది? బెంగళూరుకు పోతాడు, లేదా ఇక్కడే రోడ్డు పక్కన మోటారు అంగడి పెడతాడు. బెంగళూరుకు పోయినవాళ్లలోనూ కొందరు నాలుగేళ్లకు తిరిగొచ్చి అంగడే పెడతారు. మనం నేర్పినా నేర్పకపోయినా వాడు ఏదో ఒకనాడు వ్యాపారి అవుతాడు. లెక్క తెలిసి అవుతాడా, తెలియక అవుతాడా అన్నదే మన చేతిలో ఉండేది.

అధ్యాపకురాలి మాటలో బలం ఉంది. వృత్తి విద్యను ఫ్యాక్టరీ కొలువుతోనే ముడిపెట్టే ఆలోచన పారిశ్రామిక నగరాలకు సరిపోయినట్టు పల్లెసీమకు సరిపోదు. కుట్టు నేర్చుకున్న అమ్మాయి ఇంట్లో జాకెట్లు కుడుతుంది, రిఫ్రిజిరేషన్ నేర్చుకున్న అబ్బాయి బైకు మీద ఊళ్లు తిరిగి ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. వాళ్లు తమను వ్యాపారులుగా అనుకోరు. కానీ ధర చెప్పడం, అప్పు ఇవ్వడం, సామాను కొనడం, మాట పడడం అన్నీ రోజూ చేస్తారు.

అయితే శిక్షకుడి దగ్గరా తోసిపుచ్చలేని సాక్ష్యం ఉంది. దానికోసం తెలుగునేల మీదే జరిగిన ఒక పాత ప్రయోగం దగ్గరికి వెళ్లాలి. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్, ఏదైనా సాధించాలన్న తపనను శిక్షణతో పెంచవచ్చని నమ్మాడు. హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ (సియెట్, ఇప్పటి ని-ఎంఎస్ఎంఈ) తోడుగా 1964లో కాకినాడ వ్యాపారులు 52 మందిని జట్లు జట్లుగా పిలిపించి పది రోజుల చొప్పున శిక్షణ ఇప్పించాడు. వాళ్లు కథలు రాశారు, రింగులు విసిరే ఆటలు ఆడారు, తమ గురి ఎంత దూరంలో పెట్టుకోవాలో తామే తేల్చుకున్నారు. పోల్చి చూడడానికి శిక్షణ లేని రాజమండ్రి వ్యాపారులను తీసుకున్నారు. డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో అచ్చు వేసిన పుస్తకంలో మెక్‌లెలాండ్ ఫలితాలు చెప్పాడు. శిక్షణ పొందినవారు ఆ తర్వాత కొత్త పెట్టుబడులు పెట్టడంలో, వ్యాపారం పెంచడంలో మిగతావారికంటే చురుగ్గా కనిపించారు. దేశంలో ఈనాడు నడిచే వ్యవస్థాపకత శిక్షణల్లో చాలావాటి మీద ఆ కాకినాడ పది రోజుల నీడ ఉంది. రింగుల ఆట ఈ నాటికీ శిక్షణ గదుల్లో ఆడిస్తూనే ఉన్నారు.

శిక్షకుడు: కాకినాడ పేరు అందరూ చెప్తారు, దాని లోపల తేలిన సంగతి చెప్పరు. ఫలితం ఎవరిలో కనిపించింది? సొంత వ్యాపారం మీద పెత్తనం ఉన్నవాళ్లలో. నిర్ణయం తమ చేతిలో లేనివాళ్లలో పెద్ద మార్పు రాలేదు. నా పిల్లోళ్లకు పదిహేడేళ్లు. వాళ్ల చేతిలో అంగడీ లేదు, డబ్బూ లేదు, ఇంట్లో మాట చెల్లదు. వాళ్లకు అదే రింగుల ఆట ఆడిస్తే ఆటగానే మిగుల్తుంది.

అధ్యాపకురాలు: అందుకే మా దగ్గరికి పద్దెనిమిది దాటినవాళ్లు వస్తారు, సొంతంగా పెట్టుకోవాలని తీర్మానించుకున్నవాళ్లు వస్తారు.

శిక్షకుడు: అట్లయితే మీరూ నా మాటే చెప్తున్నారు. ఐటీఐలో ఆ పాఠం ఎందుకు?

తర్వాత జరిగిన పరిశోధనలూ ఈ చిక్కునే చూపాయి. నెదర్లాండ్స్‌లో ఒక వృత్తి విద్యా కళాశాలలో విద్యార్థుల చేత చిన్న కంపెనీలు నడిపించే కార్యక్రమాన్ని ఆస్టర్‌బీక్, వాన్ ప్రాగ్, ఐసెల్‌స్టీన్ పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించారు. నైపుణ్యాల్లో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. సొంత వ్యాపారం పెట్టాలన్న కోరిక అయితే తగ్గింది కూడా. ఆఫ్రికాలోని టోగోలో అప్పటికే చిన్న వ్యాపారాలు నడుపుతున్న 1,500 మంది మీద జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. చొరవ తీసుకోవడం, ముందుచూపు, అడ్డంకి వస్తే ఆగకపోవడం నేర్పిన జట్టులో లాభాలు 30 శాతం పెరిగాయి. మామూలు వ్యాపార పాఠాలు చెప్పిన జట్టులో నమ్మదగినంత తేడా తేలలేదు. రెంటినీ కలిపి చూస్తే కాకినాడ మాటే మళ్లీ వినిపిస్తుంది. పాఠం పట్టుకోవడానికి చేతిలో ఏదో ఒక వ్యాపారం ఉండాలి.

అధ్యాపకురాలు: డచ్చి పిల్లలకు కోరిక తగ్గిందంటే అది ఓటమి అని నేను అనుకోను సార్. వ్యాపారం ఎంత కష్టమో ఇరవైవేల అప్పు మీదకు తెచ్చుకోకముందే తెలిసింది. తనవల్ల కాదని ముందే తెలుసుకున్న బిడ్డ ఇల్లు తాకట్టు పెట్టదు.

ఇక్కడ ఆర్‌సెటీల పద్ధతి కొంత చెప్పుకోవాలి. ధర్మస్థల ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే పూనికతో, సిండికేట్, కెనరా బ్యాంకుల తోడ్పాటుతో 1982లో కర్ణాటకలోని ఉజిరెలో రుడ్‌సెటీ మొదలైంది. అనంతపురంలో దానికి శాఖ ఉంది. ఆ నమూనాతో జిల్లాకొకటి చొప్పున బ్యాంకుల చేత కేంద్రాలు పెట్టించే పనిని 2009 నుంచి కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ చేపట్టింది. శిక్షణ ఉచితం, తిండీ వసతీ ఉచితం. కోర్సు కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల వరకు ఉంటుంది. అసలు విలువ శిక్షణ అయ్యాక ఉంది. రెండేళ్ల పాటు అభ్యర్థి వెంట ఉండి, బ్యాంకు అప్పు ఇప్పించి, అంగడి నిలబడిందా లేదా చూడాలన్నది నియమం. ఐటీఐకి ఆ వెసులుబాటు లేదు, పరీక్ష అయిన నాడే పిల్లవాడితో బంధం తెగిపోతుంది.

శిక్షకుడి రెండో అభ్యంతరం అప్పు గురించి. ఇది కేవలం బోధన పద్ధతికి సంబంధించిన విషయం కాదు, కాబట్టి దీన్ని తేలిగ్గా దాటెయ్యడం తప్పు.

శిక్షకుడు: ఉద్యోగాలు చూపించలేక, పోయి వ్యాపారం పెట్టుకోండని పంపేస్తున్నాం. నష్టం వస్తే భరించేది ఎవరు? మేస్త్రీ కొడుకు. ఉన్నోడి పిల్లోడు ఒకసారి మునిగితే మళ్లీ లేస్తాడు. లేనోడి ఇంట్లో రెండోసారి ఉండదు.

అధ్యాపకురాలు: ఒప్పుకుంటా. కానీ అప్పు గురించి ఎవరూ చెప్పకపోతే ఏమవుతుందో కూడా చూడండి. సబ్సిడీ అంటే చేతికొచ్చే డబ్బు అనుకుంటారు పిల్లలు. కేంద్రం సబ్సిడీ పథకం పీఎంఈజీపీలో ఊళ్లో యూనిట్ పెట్టే మహిళకు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 35 శాతం వస్తుంది, మిగతావాళ్లకు 25. అది వాళ్ల చేతికి రాదు. బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా పడి ఉంటుంది, యూనిట్ నడిస్తేనే అప్పులో సర్దుతారు. మధ్యలో మూసేస్తే సబ్సిడీ వెనక్కి పోతుంది, అప్పు నిలుస్తుంది. ఈ ఒక్క సంగతి తెలిసిన పిల్లోడు తొందరపడి సంతకం పెట్టడు. చిన్న వ్యాపారాలు చేయించుకునే ఉద్యం నమోదుకు పైసా ఖర్చు లేదనీ, ఏడాదికి 20 లక్షలు దాటని సర్వీసు అంగడికి జీఎస్టీ నంబరు అక్కర లేదనీ తెలియక ఏజెంట్లకు వేలు పోసినవాళ్లు ఎంతమందో. దీన్నే నేను వ్యవస్థాపకత పాఠం అంటాను.

అప్పు కోసం బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టుల సంగతి ఈ మండలంలోనే బాగా తెలుస్తుంది. ఆహార శుద్ధి కోర్సులో చేరిన ఏ విద్యార్థికైనా ఇక్కడ మొదట తట్టే ఆలోచన టమాటా పొడి. కాయ దొరుకుతుంది, ధర పడిపోయినప్పుడు రోడ్డు పక్కన పారబోసిన రోజులూ ఉన్నాయి. 2018లో కేంద్రం ప్రకటించిన ఆపరేషన్ గ్రీన్స్‌లో టమాటా, ఉల్లి, ఆలుగడ్డలను తీసుకున్నప్పుడు టమాటాకు ఎంచిన ప్రాంతాల్లో ఉమ్మడి చిత్తూరు జిల్లా ఉంది. రిపోర్టులో అంతా బాగుంటుంది, లెక్కకు దిగితేనే చిక్కు. టమాటాలో నూటికి 94 పాళ్లు నీరు. వంద కిలోలు ఎండబెడితే అయిదారు కిలోల పొడి వస్తుంది. అయిదు అనుకుందాం. కాయ కిలో 10 రూపాయలైనప్పుడు పొడి కిలోకు ముడిసరుకే 200. అదే కాయ 100 అయితే ముడిసరుకే 2,000. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో 200 రూపాయల దరిదాపుల్లోకి వెళ్లింది. ఆ ధరకు కొని పొడి చేసేవాడు లేడు, యంత్రం ఆగిపోతుంది, బ్యాంకు కంతు ఆగదు. పైగా ఇక్కడి రైతు వేసే రకాలు దూరపు ఊళ్లకు లారీల్లో చితక్కుండా పోవడానికి ఎంచుకున్నవి. గుజ్జు ఎక్కువ కావాలనే ఫ్యాక్టరీకి అవి అంత అనువు కావు.

ఈ లెక్కను బోర్డు మీద వేయడానికి అరగంట చాలు. వేశాక విద్యార్థి అడిగే ప్రశ్నలు మారతాయి. సబ్సిడీ ఎంత అని కాక, ఏడాదిలో ఎన్ని నెలలు యంత్రం నడుస్తుంది, ధర ఎక్కువున్న నెలల్లో దాంతో ఇంకేం ఎండబెట్టవచ్చు, మామిడా, కరివేపాకా, మునగాకా అని అడగడం మొదలుపెడతాడు. కొనేవాళ్లు ఎవరన్న ప్రశ్న అన్నిటికంటే ముందుకొస్తుంది. పుస్తకంలో వ్యవస్థాపకుడి నిర్వచనం చదివినందువల్ల ఈ ప్రశ్నలు పుట్టవు.

శిక్షకుడు: ఇట్లాంటి లెక్కలైతే నాకు అభ్యంతరం లేదు. అయినా వరస తప్పుతున్నదనే నా బాధ. జర్మనీలో చూడండి. పని నేర్చుకున్నవాడు మామూలుగా కొంతకాలం వేరేవాళ్ల దగ్గర పనిచేసి, ఆ తర్వాత మైస్టర్ పరీక్షకు కూర్చుంటాడు. ఆ పరీక్షలో నాలుగు భాగాలు. చేతిపని ఒకటి, దాని సిద్ధాంతం ఒకటి, వ్యాపారమూ లెక్కలూ చట్టమూ ఒకటి, శిష్యులకు నేర్పే తీరు ఒకటి. వ్యాపారం వాళ్లూ నేర్పుతారు. చెయ్యి తిరిగినాక నేర్పుతారు. మనం పదిహేడేళ్లకే నువ్వే ఓనరువి అంటున్నాం.

అధ్యాపకురాలు: వరస మంచిదే సార్. కానీ ఆ మధ్య మెట్టు మనకేదీ? అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉంది. నలుగురికి తక్కువ పనివాళ్లున్న అంగడి అందులోకి రాదు. మన రోడ్డు మీద మోటారు అంగళ్లలో ఓనరూ ఒక పిల్లోడూ తప్ప ఎవరుంటారు? అంగడి నడపడం ఎట్లాగో వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి, వాళ్ల దగ్గర నేర్చుకున్నదానికి ఏ కాగితమూ లేదు.

ఈ మాట దగ్గర ఇద్దరి వాదాలూ ఒకే గోడకు తగులుతాయి. పిల్లవాడి చేతిలో నిర్ణయం లేనిదే పాఠం పట్టదని కాకినాడ చెప్పింది. నిర్ణయం ఇవ్వగల చిన్న అంగళ్లు చట్టం గీతకు బయట ఉన్నాయి. ఇక మిగిలింది బడే ఆ నిర్ణయాన్ని చిన్న మోతాదులో పిల్లవాడి చేతికివ్వడం. బడి పనిచేసి సంపాదించడమన్న ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీంలో పిల్లల చేతిపని అమ్మకంతో ఉపాధ్యాయుల జీతాలు రావాలన్న మాట ఉంది. బడి కార్ఖానా అయిపోతుందని అప్పుడే చాలామంది భయపడ్డారు. ఆ భయం న్యాయమైనది. జీతాల కోసం పిల్లల చేత పని చేయిస్తే చదువు వెనకబడుతుంది. నేర్చుకోవడం కోసం నెలకు రెండు మూడు నిజమైన పనులు తీసుకోవడం వేరు.

ఎలక్ట్రీషియన్ ట్రేడులో దీన్ని ఇలా చేయవచ్చు. ఊళ్లో బోరు మోటారు కాలింది. ఫేజు ఒకటి పోయినా, వోల్టేజీ పడిపోయినా మోటార్లు కాలడం ఇక్కడ మామూలే. వేసవిలో మోటారు రెండు రోజులు ఆగితే టమాటా వాడిపోతుంది, కాబట్టి రైతు తొందరలో ఉంటాడు. ఇద్దరు విద్యార్థులు శిక్షకుడి కళ్లముందే ఆ మోటారు విప్పి, పాత వైండింగు తీసి, చుట్ల లెక్క రాసుకుని, కొత్తది చుడతారు. ధర మాత్రం వాళ్లే చెప్పాలి.

లెక్క చూపడం కోసం కొన్ని అంకెలు తీసుకుందాం. వైరు, ఇన్సులేషను, బుష్షులు కలిపి సామాను 3,400 అయింది. విద్యార్థి 4,000 చెప్పాడు, రైతు సరేనన్నాడు. నోటుబుక్కులో ‘లాభం 600’ అని రాసి కింద గీత కొట్టాడు. ఇద్దరు చెరి ఒక రోజు పనిచేశారు. రోజుకూలి 600 వేసినా 1,200. అంటే 600 లాభం కాదు, 600 నష్టం. కరెంటు, పనిముట్ల అరుగుదల, బోరు దగ్గరికి పోయి మోటారు తెచ్చిన ఆటో ఖర్చు ఇంకా రాయనే లేదు. నెల లోపల మళ్లీ కాలితే ఊరికే చుట్టివ్వాలన్న మాట పుస్తకంలో ఎక్కడా లేదు. అన్నిటికీ మించి, రైతు ఇచ్చింది 1,500. మిగతాది కాయ అమ్మినాక అన్నాడు.

ఈ పేజీ ముందు కూర్చున్నప్పుడు తన చేతికూలిని ఖర్చుగా రాయాలన్న సంగతి విద్యార్థికి మొదటిసారి తడుతుంది. ఇంట్లో అమ్మ జాకెట్లు కుట్టి, దారం డబ్బులు పోగా మిగిలిందంతా లాభమని ఎందుకు అనుకుంటుందో కూడా అర్థమవుతుంది. మన పల్లెల్లో కష్టానికి వెల కట్టుకోకపోవడం తరాల అలవాటు. ఆడవాళ్ల పని విషయంలో అది మరీ ఎక్కువ. ఆ అలవాటును తప్పించడమే ఈ చదువు చేయగల పెద్ద ఉపకారం.

శిక్షకుడు: ఇది నా వర్క్‌షాపులో జరుగుతుంది కాబట్టి నేనే నేర్పగలను. వేరే సబ్జెక్టుగా, వేరే అయ్యవారితో వద్దు. పని చూడనివాడు చెప్పే లెక్క పిల్లోళ్లు నమ్మరు.

అధ్యాపకురాలు: నేర్పండి. మోటారు మీ దగ్గరే విప్పనీ. కానీ కోర్సు అయినాక వాడు బ్యాంకుకు పోయేటప్పుడు ఎవరు తోడుంటారు?

శిక్షకుడు: ఏడాది ఎవరి దగ్గరన్నా పనిచేసి, ఆ పైన మీ దగ్గరికి రానీండి.

అధ్యాపకురాలు: ఏడాది ఆగగలిగే ఇల్లయితే ఆగుతాడు. చెల్లెలి ఫీజు కట్టాల్సినవాడు ఆగడు. వాడు పరీక్ష అయిన మర్నాడే అంగడి బాడుగకు తీసుకుంటాడు. అందుకే ఆఖరి ఆరు నెలల్లోనే వాళ్ల పేర్లు మాకు ఇవ్వండి. మీ దగ్గర ఉండగానే మేము వాళ్ల ఇళ్లు చూసి వస్తాం.

శిక్షకుడు: పేర్లు ఇస్తాను. ఎవరికి అప్పు ఇవ్వకూడదో కూడా రాసిస్తాను, దాన్నీ చదవండి. ఇంకో సంగతి. ఆ రైతు బాకీ ఉన్న 2,500 సంగతి పరీక్షలో ఎట్లా? మోటారు బాగా తిరుగుతా ఉంది, డబ్బు రాలేదు. మార్కులు వేయాలా వద్దా?

అధ్యాపకురాలు: వైండింగుకు వేయండి. లెక్క పుస్తకానికి ఇప్పుడే వద్దు. కాయ మార్కెట్‌కు పోయే రోజు వాణ్ణి రైతు దగ్గరికి పంపండి. ఎంత తెచ్చినాడు, ఎంత వదులుకున్నాడు, ఎందుకు వదులుకున్నాడు, అది కూడా అదే పేజీలో రాయించండి.